1453లో తురుష్కులు దారి మూసేశారు కాబట్టే వాస్కో డ గామా వచ్చాడా?

గ్రూప్2_మళ్ళీ:
అందరికీ నమస్కారం. మాక్ టెస్టులో ఒక బిట్ దగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. ప్రశ్న: యూరప్ వాళ్ళు ఇండియాకు కొత్త సముద్ర మార్గం వెతకడానికి ముఖ్య కారణం ఏమిటి? కీలో ఇచ్చిన జవాబు: 1453లో ఒట్టోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించి ఆసియా, యూరప్‌ల మధ్య వర్తక మార్గాన్ని మూసేయడం. నేను ఆలోచించకుండా అదే పెట్టాను. చిన్నప్పటి నుంచి విన్నదీ అదే, కొన్న గైడులన్నిట్లో ఉన్నదీ అదే. మా రీడింగ్ రూమ్‌లో ఒకావిడ మాత్రం ఆ దారిని తురుష్కులు మూయనే లేదని, అసలు అప్పటికి అది వాళ్ళ చేతిలోనే లేదని వాదిస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతపటాలు:
ఆవిడ చెప్పింది నిజం. మ్యాపు ముందు పెట్టుకుని మిరియాల మూట ఎటు పోయేదో చూస్తే చాలు.

కాలికట్‌లో ఓడెక్కిన మూట అరేబియా సముద్రం దాటి ఏడెన్ చేరేది. అక్కణ్ణించి ఎర్ర సముద్రంలో జెడ్డా, తర్వాత ఈజిప్టు తీరం, ఒంటెల మీద కైరో, నైలు మీదుగా అలెగ్జాండ్రియా. అక్కడ వెనిస్ వ్యాపారులు కొనుక్కుని తమ ఓడల్లో వేసుకెళ్ళేవాళ్ళు. రెండో దారి పర్షియన్ గల్ఫ్ గుండా బస్రా చేరి, ఎడారి దాటి అలెప్పో, డమాస్కస్, చివరికి బీరూట్. ఈ రెండు దారుల్లోనూ కాన్‌స్టాంటినోపుల్ తగలదు. అది ఉత్తరాన నల్ల సముద్రం మూతి దగ్గర ఉంది. ఆ ఊరు పడిపోయింది కాబట్టి మిరియాలు ఆగిపోయాయనడం ఖమ్మం దగ్గర రోడ్డు తవ్వారు కాబట్టి హైదరాబాద్ నుంచి తిరుపతి బస్సు ఆగిపోయిందన్నట్టుంది.

1453లో ఈజిప్టు, సిరియా రెండూ కైరోలో కూర్చున్న మమ్లూక్ సుల్తానులవి. ఒట్టోమన్లు సిరియాను గెలిచింది 1516లో, ఈజిప్టును 1517లో. అప్పటికి గామా కాలికట్‌లో దిగి 19 ఏళ్ళు. గోవా 1510లో, మలక్కా 1511లో, హోర్ముజ్ 1515లో పోర్చుగీసువాళ్ళకు దక్కాయి. అంటే 1517లో ఒట్టోమన్ల చేతికొచ్చిన దారి 1498లో గామా ప్రయాణానికి కారణమైందని మనం చదువుకుంటున్నాం.

పోర్చుగల్ వైపు తేదీలు చూసినా అంతే. మొరాకో తీరంలో సేవుటాను పట్టుకున్నది 1415లో. ఆఫ్రికా పడమటి తీరంలో బోజదోర్ అగ్రాన్ని దాటింది 1434లో. లాగోస్ రేవులో ఆఫ్రికన్లను దింపి బానిసలుగా పంచుకున్నది 1444లో. వాళ్ళు దక్షిణానికి బయల్దేరి చాలాకాలమైంది, వెతికింది గినీ, అంటే పడమటి ఆఫ్రికా తీరపు బంగారం, బానిసలు. మిరియాల ఆలోచన గట్టిపడింది 1480లలో.

ఓరుగల్లు_మాస్టారు:
రిటైరయ్యేదాకా ఈ పాఠమే చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం అడ్డం పడాలి. మ్యాపు గురించి పాతపటాలు గారు చెప్పిన దాంట్లో తప్పు పట్టను. కానీ పాఠ్యపుస్తకం పూర్తిగా గాల్లోంచి రాయలేదండీ.

కాన్‌స్టాంటినోపుల్ పడ్డాక నల్ల సముద్రం ఒట్టోమన్ చెరువైపోయింది. క్రిమియాలో జెనోవా వాళ్ళ పెద్ద స్థావరం కఫ్ఫా, దాన్ని 1475లో లాక్కున్నారు. అంతకుముందే, 1455లో, జెనోవా వాళ్ళ చేతిలోంచి ఏజియన్ తీరంలోని ఫోచా పటిక గనులు పోయాయి. పటిక లేకపోతే ఉన్నికి రంగు పట్టదు, యూరప్ నేతగాళ్ళకు అది ప్రాణం. వెనిస్‌తో 1463 నుంచి 1479 దాకా ఏకధాటిగా యుద్ధం. ఇన్ని దెబ్బలు తిన్న ఇటాలియన్ వ్యాపారి ఏం చేస్తాడు? తూర్పున ఉన్న డబ్బు తీసి పడమట పెడతాడు. జెనోవా పెట్టుబడి సెవిల్, లిస్బన్, మదీరా చెరకు తోటల వైపు మళ్ళింది. కొలంబస్ ఏ ఊరివాడు? మదీరా చక్కెర కొనుగోలు పని మీద తిరిగినవాడు కదా! మిరియాల దారి మూయకపోయినా, 1453 దెబ్బ అట్లాంటిక్ ఒడ్డున తగిలింది. పదో తరగతి పిల్లవాడికి ఇదంతా ఒక వాక్యంలో చెప్పాలంటే ‘దారి మూశారు’ అని చెప్తాం.

పాతపటాలు:
మాస్టారూ, ఆ ఒక్క వాక్యమే కదా చిక్కు తెచ్చింది.

ముందు ‘మూశారు’ సంగతి. ఊరు చేతికొచ్చిన మూడు రోజులకే, జూన్ 1న, ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్‌మెద్ గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ అవతల ఉన్న గలాటా జెనోవీయులకు వర్తకం చేసుకోవచ్చని ఫర్మానా ఇచ్చాడు. వెనిస్‌తో 1454 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అమ్మిన సరుకు మీద 2 శాతం సుంకం కట్టుకుని వ్యాపారం చేసుకోవచ్చు, తమ ప్రతినిధిని ఆ ఊళ్ళోనే పెట్టుకోవచ్చు. ఖజానా నిండాలంటే రేవుల్లో ఓడలు ఉండాలని మెహ్‌మెద్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. మీరన్న 1463–79 యుద్ధంలో కూడా వెనిస్ గ్యాలీలు (తెడ్ల ఓడలు) అలెగ్జాండ్రియాకు, బీరూట్‌కు పోతూనే ఉన్నాయి, అవి మమ్లూకుల రేవులు కాబట్టి. ఇస్తాంబుల్‌లో, అంటే ఆ కాన్‌స్టాంటినోపుల్‌లోనే, వెనిస్ ఖాళీ చేసిన చోట్లోకి ఫ్లోరెన్స్ వాళ్ళొచ్చి బూర్సా పట్టు కొనుక్కున్నారు.

రెండోది ధర. దారి మూస్తే సరుకు కరువై ధర పెరగాలి. వెనిస్‌లో మిరియాల ధర 1453 తర్వాత దశాబ్దాల్లో 1420ల నాటికంటే తక్కువగానే ఉంది. 1420, 30లలో ఎందుకు పెరిగిందంటే కైరోలో సుల్తాన్ బర్స్‌బాయ్ మిరియాల మీద గుత్తాధిపత్యం ప్రకటించి, తను చెప్పిన ధరకే కొనాలని వెనిస్ మెడ మీద కూర్చున్నాడు. ధర మంటకు ఎవరినైనా నిందించాలంటే ఆయన్ని నిందించాలి. ఆయన తురుష్కుల రాజూ కాదు, 1453 దాకా బతికీ లేడు, 1438లోనే పోయాడు.

లైబయర్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1915లోనే ఈ ‘మూసిన దారి’ కథను తేదీలు, ధరలు పెట్టి కొట్టేశాడు. గ్రూప్2_మళ్ళీ గారూ, మీ రీడింగ్ రూమ్ ఆవిడ వాదన కొత్తదేమీ కాదు, వందేళ్ళ పైబడింది.

గ్రూప్2_మళ్ళీ:
1501 గురించి కూడా ఏదో అంది ఆవిడ. వెనిస్ ఏడ్చిందట?

పాతపటాలు:
గామా తర్వాత వచ్చిన పోర్చుగీసు నావికుడు కబ్రాల్ ఓడలు మలబారు నుంచి మిరియాలతో లిస్బన్‌కు వచ్చాయన్న కబురు 1501లో వెనిస్ చేరింది. ప్రియులీ అనే బ్యాంకు యజమాని తన డైరీలో, స్వేచ్ఛ పోవడం ఒక్కటి తప్పిస్తే వెనిస్‌కు ఇంతకంటే చెడ్డ వార్త ఉండదని రాసుకున్నాడు. అలెగ్జాండ్రియా దారి 48 ఏళ్ళ కిందటే మూసుకుపోయి ఉంటే వెనిస్‌కు ఏడవడానికి ఏం మిగిలింది?

జెండా_ఒక్కటే:
ఇంత చర్చ అనవసరం. ముస్లిం రాజులు క్రైస్తవుల వ్యాపారాన్ని అడ్డుకున్నారు, సింపుల్. మతమే కారణం. అది ఒప్పుకోవడానికి చాలామందికి మొహమాటం.

గోదారమ్మాయి:
మొహమాటం ఏమీ లేదండీ, మతం ఉంది. కాకపోతే మీరు చూపిస్తున్న వైపు కాదు.

మమ్లూకులు ముస్లింలు, వాళ్ళ పెద్ద ఖాతాదారు వెనిస్ క్రైస్తవ రాజ్యం. ఒట్టోమన్లు, మమ్లూకులు ఇద్దరూ సున్నీ ముస్లింలే, 1516లో అలెప్పో దగ్గర మర్జ్ దాబిక్‌లో ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. 1492లో స్పెయిన్ యూదుల్ని తరిమేస్తే ఒట్టోమన్ సుల్తాను రెండో బయెజిద్ తన రాజ్యంలోకి రానిచ్చాడు, సలోనికాలో వాళ్ళ వ్యాపారం వర్ధిల్లింది. ఇక్కడ ‘మతం కోసం వ్యాపారం ఆపేశారు’ అనడానికి చోటెక్కడుంది?

మతం పిచ్చి నిజంగా పనిచేసింది లిస్బన్‌లో. 1455 జనవరిలో పోప్ ఐదో నికొలస్ పోర్చుగల్ రాజుకు ఒక శాసనం ఇచ్చాడు. ఆఫ్రికా తీరం మీద గుత్త హక్కు, క్రైస్తవేతరుల్ని జయించి బానిసలుగా చేసుకునే హక్కు అందులో ఉన్నాయి. సముద్రం మీదుగా పోతే క్రీస్తును కొలిచే ఇండియా జనం దొరుకుతారని, వాళ్ళ సాయంతో ముస్లింలను ఓడించవచ్చని కూడా ఉంది. అదీ వాళ్ళ ఆశ. ప్రెస్టర్ జాన్ అనే క్రైస్తవ చక్రవర్తి ఎక్కడో తూర్పున ఉన్నాడని నిజంగా నమ్మారు. అందుకే 1498లో కాలికట్ దగ్గర ఒడ్డు దిగిన మనిషిని, అక్కడున్న ట్యునీషియా వ్యాపారులు ‘ఇక్కడికెందుకు వచ్చావ్?’ అని అడిగితే ‘క్రైస్తవుల కోసం, సుగంధద్రవ్యాల కోసం’ అన్నాడు. క్రైస్తవులే ముందు! ఆ నమ్మకంతోనే గామా బృందం అక్కడి హిందూ గుడిని చర్చి అనుకుని మొక్కింది. మిరియాల లెక్క ఒక్కటే చూసుకునేవాడు ఆ పని చేయడు.

గామాను పంపిన పోర్చుగల్ రాజు మానుయెల్‌కు జెరూసలెం విడిపించాలని కోరిక. ఎర్ర సముద్రం మూతి బిగిస్తే కైరో సుల్తాను ఆదాయం ఎండిపోతుందని లెక్క. మిరియాలు ఆయనకు లాభమూ, యుద్ధతంత్రమూ రెండూ.

ఓరుగల్లు_మాస్టారు:
అమ్మాయ్, నువ్వు చెప్పింది నా వాదనకే బలం. ఆ 1455 శాసనం వచ్చిన సందర్భం ఏమిటి? కాన్‌స్టాంటినోపుల్ పడిపోయి రెండేళ్ళు కాలేదు. పోప్ క్రూసేడ్‌కు పిలుపిస్తే యూరప్‌లో చాలామంది రాజులు తల దించుకుని కూర్చున్నారు. వస్తానన్నది పోర్చుగల్ ఐదో అఫోన్సో. ఆ యుద్ధం కోసం గినీ బంగారంతో 1457లో కొత్త నాణెం కొట్టించాడు, దాని పేరే క్రుజాదో. 1453 ప్రభావం లేదని ఇంకెలా అంటారు?

గోదారమ్మాయి:
లేదని నేననలేదు మాస్టారూ. కానీ క్రుజాదో కొట్టించినాయన ఇస్తాంబుల్ వైపు పోలేదు, 1458లో మొరాకోలో అల్కాసర్ మీదికి పోయాడు. పక్కింటి శత్రువుతో పాత లెక్క తేల్చుకోవడానికి పోప్ పిలుపును వాడుకున్నాడు. అదే పోప్ 1452లోనే, అంటే కాన్‌స్టాంటినోపుల్ ఇంకా నిలబడి ఉండగానే, బానిసలుగా చేసుకునే హక్కును రాసిచ్చేశాడు కూడా. ఆఫ్రికా మీద పోర్చుగల్ కన్ను 1453తో మొదలవలేదు. 1453 వాళ్ళకు మంచి సాకు, పోప్ దగ్గర పలుకుబడి.

బందరు_లడ్డూ:
అందరూ దారి ఎవరు మూశారని తురుష్కుల వైపు చూస్తున్నారు. నిజంగా మూయాలని ప్రయత్నించింది పోర్చుగీసువాళ్ళు! ఇది గైడుల్లో ఎందుకుండదో నాకర్థం కాదు.

1502లో గామా రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు. కాలికట్‌లో ముస్లిం వర్తకులందర్నీ వెళ్ళగొట్టమని అక్కడి రాజు జామోరిన్‌ను అడిగాడు. తరతరాలుగా తన రేవును నిలబెట్టినవాళ్ళని ఏ రాజు వెళ్ళగొడతాడు? ఒప్పుకోలేదు, ఊరి మీద ఫిరంగులు పేల్చారు. తర్వాత కార్తాజ్ పద్ధతి. మన సముద్రంలో మన ఓడ తిరగాలంటే వాళ్ళ చీటీ కొనాలి, వాళ్ళ రేవులో సుంకం కట్టాలి, లేకపోతే సరుకు జప్తు. మొఘల్ హజ్ ఓడలూ ఆ చీటీ తీసుకోవాల్సి వచ్చింది. చీటీ ఉన్నా నమ్మకం లేదు, జహంగీర్ తల్లి మరియం ఉజ్ జమానీ ఓడ రహీమీని 1613లో సూరత్ దగ్గర పట్టుకుపోయారు. జహంగీర్ కోపంతో డామన్‌ను ముట్టడించమన్నాడు.

ఎర్ర సముద్రం మూతి బిగించాలంటే ఏడెన్ కావాలి. పోర్చుగీసు గవర్నర్ ఆల్బుకర్క్ 1513లో నిచ్చెనలేసుకుని గోడెక్కబోయాడు, నిచ్చెనలు విరిగాయి, ఉత్త చేతులతో వెనక్కి పోయాడు. అందువల్ల ఆ మూత ఎప్పుడూ గట్టిగా పడలేదు. 1550, 60లు వచ్చేసరికి అలెగ్జాండ్రియాలో మిరియాలు మళ్ళీ దండిగా దిగాయి, వెనిస్ మళ్ళీ కొనుక్కుంది. అప్పటికి ఈజిప్టు ఎవరిది? ఒట్టోమన్లదే! దారి మూశారని మనం తిట్టుకుంటున్నవాళ్ళ ఏలుబడిలో దారి పుంజుకుంది.

ఆ మిరియాల్లో చాలా భాగం సుమత్రా అచే రేవు నుంచి పోర్చుగీసు కళ్ళుగప్పి పోయినవి. అచే సుల్తాను 1560లలో ఇస్తాంబుల్‌కు రాయబారుల్ని పంపి ఫిరంగులు అడిగాడు. ఆ అచేతో మా ఊరికి, అంటే మచిలీపట్నానికి, సొంత వ్యాపారం ఉండేది. గోల్కొండ రాజ్యపు బట్ట ఇక్కణ్ణించి అచేకు, బర్మాలోని పెగూకు పోయేది. పోర్చుగీసు కోట ఏదీ మా రేవు మీద లేదు కాబట్టే అది అంత ఎదిగింది. ఆ తర్వాత ఇక్కణ్ణించి ఎర్ర సముద్రం మీది మోఖాకు కూడా ఓడలు పోయాయి, హజ్ యాత్రికుల్నీ తీసుకెళ్ళాయి. సంబరమంతా చెప్పాలంటే వేరే థ్రెడ్ కావాలి.

జెండా_ఒక్కటే:
మరి శ్రీకృష్ణదేవరాయలు పోర్చుగీసులతో స్నేహం ఎందుకు చేశాడు? వాళ్ళు ధర్మం పక్షాన ఉన్నారనే కదా.

బందరు_లడ్డూ:
గుర్రాల కోసం బ్రదర్. అరేబియా, పర్షియా గుర్రాలు హోర్ముజ్ నుంచి గోవాకు దిగేవి, గోవా పోర్చుగీసుల చేతిలో ఉంది, రాయలకు బీజాపూరుతో తగువు. ఆ గుర్రాలు ఆదిల్‌షాకు పోకుండా తనకు రావాలి. ఆముక్తమాల్యదలో ఆయనే రాసుకున్నాడు కదా, దూర దేశాల నుంచి ఏనుగుల్ని, గుర్రాల్ని తెచ్చే వర్తకుల్ని మంచి ధరలతో, మర్యాదలతో దగ్గర పెట్టుకోవాలి, ఆ సరుకు శత్రువుకు చేరకూడదు అని. ఆ సలహాలో మతం మాటే లేదు. అటు పోర్చుగీసులు కూడా రాయలకీ ఆదిల్‌షాకీ ఇద్దరికీ గుర్రాలు అమ్ముతామని బేరం పెట్టినవాళ్ళే.

మోడరేటర్:
చర్చ 15–16 శతాబ్దాల్లోనే ఉంచండి. ఇప్పటి రాజకీయాల్లోకి పోయిన రెండు పోస్టులు తీసేశాను.

గ్రూప్2_మళ్ళీ:
ఇదంతా చదివాక మెయిన్స్‌లో ఏం రాయాలో భయమేస్తోంది. ప్రిలిమ్స్‌లో కీ ప్రకారం పోతాను, మార్కు వదులుకోలేను. వ్యాసంలో మాత్రం ఏం రాయమంటారు?

ఓరుగల్లు_మాస్టారు:
బిట్‌కు కీలో ఉన్నదే పెట్టు నాయనా, అక్కడ వాదన చెల్లదు. వ్యాసంలో ‘మూసేశారు’ అన్న మాట రాయకు. ఒట్టోమన్ విస్తరణ నల్ల సముద్రంలో ఇటాలియన్ స్థావరాలను దెబ్బతీసింది, ఎర్ర సముద్రం దారి 1517 దాకా మమ్లూకులది అని రెండు వాక్యాలు రాయి. తర్వాత గినీ బంగారం, క్రూసేడ్ ఆలోచన, మధ్యవర్తుల్ని తప్పించి లాభం మొత్తం తామే తినాలన్న కోరిక. తేదీలు వరసలో పెట్టు. దిద్దేవాడికి కూడా కొత్తగా ఉంటుంది.

పాతపటాలు:
మాస్టారి సలహాకు ఒకటి కలుపుతాను, పెరూ ద కొవిల్యా పేరు. ఈ వాదనకు ఆయనకంటే మంచి సాక్షి లేడు. అరబిక్ బాగా వచ్చిన ఈ మనిషిని పోర్చుగల్ రాజు రెండో జువావ్ 1487లో గూఢచారిగా పంపాడు. వ్యాపారి వేషంలో అలెగ్జాండ్రియా, కైరో, ఏడెన్ మీదుగా కన్ననూరు, కాలికట్, గోవా చూసి, హోర్ముజ్ తిరిగి, మళ్ళీ కైరో చేరాడు. అక్కణ్ణించి రాజుకు సమాచారం పంపి, చివరికి ఇథియోపియాలో ఉండిపోయాడు. ‘మూసేసిన’ దారిలో, 1453 తర్వాత 34 ఏళ్ళకు బయల్దేరి, ఒక పోర్చుగీసు క్రైస్తవుడు ఇటు వచ్చి అటు పోయాడు! దారి తెరిచే ఉంది. దాని మీద ప్రతి మజిలీలో ఎవరో ఒకరు లాభం తీసుకుంటున్నారు, ఆ లాభం లిస్బన్‌కు రావడం లేదు. వాళ్ళ బాధ అది.

ఆయన ఖర్చులకు హుండీ (వేరే ఊళ్ళో చూపి డబ్బు తీసుకునే చీటీ) ఏర్పాటు చేసింది ఎవరో తెలుసా? లిస్బన్‌లో ఉన్న మార్కియోన్ని, ఫ్లోరెన్స్ వాడు. 1500లో కబ్రాల్ దండులో ఒక ఓడకు వాటాదారు కూడా ఆయనే. 1453 తర్వాత ఇస్తాంబుల్‌లో ఫ్లోరెన్స్ పరిస్థితి బాగుపడిందని ముందే చెప్పాను. తూర్పున దెబ్బ తిన్నవాళ్ళే పడమట పెట్టుబడి పెట్టారనే మీ సూత్రం, ఇండియా దారి దగ్గరికొచ్చేసరికి నిలబడదు మాస్టారూ. జెనోవా వాళ్ళు పోర్చుగల్‌కు కొత్తగా వచ్చిందీ లేదు. 1317లోనే పోర్చుగల్ నౌకాదళానికి అధిపతి జెనోవా మనిషి పెసాన్యో. అటు ఒట్టోమన్లు కూడా జెనోవాను పూర్తిగా తుడిచిపెట్టలేదు. ఇజ్మీర్ ముందున్న ఖియోస్ దీవి కప్పం కట్టుకుంటూ 1566 దాకా జెనోవా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఓరుగల్లు_మాస్టారు:
పెసాన్యో పేరు తెచ్చారు, బాగుంది. కానీ ఒక మనిషి ఉండటం వేరు, పెట్టుబడి వెల్లువగా రావడం వేరు. గామా విషయంలో మార్కియోన్నిని మీకు వదిలేస్తాను. కొలంబస్ విషయంలో మాత్రం వదలను. 1492 ప్రయాణానికి రాణి నగలు అమ్మిందన్న కథ పక్కన పెట్టి డబ్బు ఎవరు సర్దారో చూడండి. రాజు కొలువులో సాంతాంజెల్, ఆయన పక్కన సెవిల్‌లో స్థిరపడిన పినెల్లీ. పినెల్లీ ఏ ఊరివాడు? జెనోవా! కఫ్ఫా పోయిన 17 ఏళ్ళకు జెనోవా నావికుడు, జెనోవా డబ్బు, అట్లాంటిక్ దారి. దీనికి జవాబు చెప్పండి.

పాతపటాలు:
చెప్తాను. అయితే పినెల్లీ కుటుంబం సెవిల్‌లో ఎప్పటి నుంచి ఉందో ముందు తేలాలి. కఫ్ఫా పోకముందే అక్కడ జెనోవా వాళ్ళకు ప్రత్యేక వీధి, హక్కులు ఉన్నాయి. 13వ శతాబ్దంలో కాస్తీల్ రాజు ఇచ్చినవి. కొలంబస్‌కు కొత్త థ్రెడ్ తెరుస్తున్నాను మాస్టారూ, అక్కడికి రండి.